పడవకి కొత్త చెవి

4, బుధవారం

పడవలో నీటి లోతు చూపే పాత డబ్బా ఇవాళ పూర్తిగా కన్నుమూసింది. రెండేళ్లుగా లోతు అంకె ఒక్కటే చూపిస్తూ బతుకీడుస్తోంది, అదీ కుడిపక్క గట్టిగా ఒకటిస్తేనే. ఇవాళ మా చెల్లెలు, మా చిన్నది, మూడిచ్చింది. నేను రెండిచ్చాను. మిణుక్కుమని ఒకసారి వెలిగి ఆరిపోయింది.

"కొత్తది కొందాం. తెర మీద చేపలు కనపడేది," అన్నాను.

వల మడతపెడుతున్న చిన్నది ఆగిపోయి నన్ను వింతగా చూసింది. పాతికేళ్లుగా ఇద్దరం ఈ పడవ మీదే ఉన్నాం. నేను చుక్కాని దగ్గర, అది వల దగ్గర. ఇలాంటి మిషన్ల మాట ఎవరెత్తినా ముందు నోరు మూయించేది నేనే.

"మనకెందుకక్కా మిషను? నువ్వున్నావుగా," అంది.

నేనున్నాను. తెడ్డు నీళ్లలోకి దించి, పిడి చెవికి ఆనించి, కింద గురకచేపలు ఏ వైపున్నాయో, ఎన్ని ఉన్నాయో చెప్పడం నా పని. గుంపు కట్టినప్పుడు ఆ చేపలు గుర్రుమంటాయి. ఆ గుర్రు కొయ్య వెంట పైకి ఎక్కి వస్తుంది. నాన్న నేర్పాడు నాకు. చిన్నదానికి కూడా నేర్పాలని చూశాడు గానీ అది ఒక్క నిమిషం మాట్లాడకుండా ఉండలేకపోయింది. చేపల కంటే ముందు నాన్నే పారిపోయాడు. రేవులో అందరూ నన్ను "చెవి" అని పిలుస్తారు.

"కాలం మారింది. అందరూ పెట్టించుకుంటున్నారు," అన్నాను.

అదీ నిజమే. అసలు కారణం ఇక్కడైనా రాయాలి. నా ఎడమ చెవి కొన్నాళ్లుగా సెలవులో ఉంది. కుడిది పనిలోనే ఉంది. అలసట, ఇంకేం కాదు. గురకచేపలు వారంలో వస్తాయి, రెండు వారాలుంటాయి, అప్పటికి చెవులు సర్దుకుంటాయి. మిషను ఊరికే తోడుగా.

5, గురువారం

మా ఆయన గడియారాలు బాగుచేస్తారు కాబట్టి మా ఇంట్లో గోడ గడియారాలు పదకొండు. ఈ మధ్య అన్నీ చాలా మెత్తగా కొట్టుకుంటున్నాయి. నూనె బాగా పోస్తున్నట్టున్నారు.

7, శనివారం

మిషన్ల కొట్టుకి వెళ్లాం. గోడ నిండా తెరలు, ప్రతి తెరలోనూ ఒక సముద్రం. చిన్నది నగల కొట్లోకి వచ్చినట్టు ఒక్కోదాన్నీ తాకి, తల పక్కకి వంచి, ఇది నప్పుతుందా అది నప్పుతుందా అని చూసింది.

కొట్టతనికి అరవై దాటి ఉంటాయి. రేవులో ఏ పడవలో వైరు తెగినా ఇతనే రావాలి కాబట్టి వైర్ల డాక్టర్ అంటారు. మంచివాడే. గొంతు మాత్రం పసిపాపని నిద్రపుచ్చుతున్నట్టుంటుంది. పోనీ పెదవులు చూసి పోల్చుకుందామంటే మీసాలు అడ్డం. అంతేసి మీసాలు పెంచుకున్నవాళ్లు కొట్టు పెట్టకూడదు.

అదృష్టం బాగుండి కాగితం తీసుకుని బొమ్మ గీశాడు. ప్రాణం లేచొచ్చింది. పడవ వెనక చెక్కకి, నీటి మట్టం కింద, సబ్బుబిళ్ల అంత నల్ల ముక్క బిగిస్తారు. అది కిందికి శబ్దం పంపుతుంది. ఆ శబ్దం చేపకో, నేలకో తగిలి వెనక్కి వస్తే వింటుంది. విన్నది పైన తెర మీద బొమ్మగా వేస్తుంది.

"అంటే పడవకి కొత్త చెవి పెడుతున్నారన్నమాట," అని చిన్నది నా భుజం మీద చరిచింది. "అక్కా, నీకు సవతి వచ్చేసింది!"

కొట్టంతా నవ్వింది. నేను కూడా నవ్వాను, అందరికంటే కొంచెం ఆలస్యంగా ఆపాను.

తొమ్మిదంగుళాల తెర, నల్ల ముక్క, దానికి వేరే బ్యాటరీ, కొత్త స్విచ్చుల పలక, కొత్త రేడియో. అన్నీ ఒకేసారి. చిన్నది "పెళ్లిసామానులా ఉందే" అంది.

తిరిగొస్తుంటే రేవు మొదట్లో బెంచీ మీద ముగ్గురు పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు. ఒకప్పుడు ముగ్గురూ వేటలో పేరున్నవాళ్లే. ఒకాయనకి చూపు పోయింది, ఒకాయనకి మోకాళ్లు, మూడో ఆయనకి కొడుకుతో పడలేదు. ఇప్పుడు పొద్దుటి నుంచి వేరేవాళ్ల పడవలు లెక్కపెడుతుంటారు. ఆ బెంచీ మీద నలుగురు పడతారు. నాలుగో చోటు ఖాళీగా ఉంది. నేను అటు చూడకుండా గబగబా నడిచాను.

చెవి పోయిందంటే చిన్నది నన్ను అక్కడ కూర్చోబెడుతుంది. కోపంతో కాదు, ప్రేమతోనే. "పాతికేళ్లు చేశావు, ఇక చాల్లే అక్కా" అంటుంది. ఆ మాట నేను తట్టుకోలేను.

పోలేదనుకోండి. మాట వరసకి రాశాను.

9, సోమవారం

పడవని గట్టుకెక్కించి దిమ్మెల మీద నిలబెట్టాం. చిన్నది కిందికి దూరి అడుగున పట్టిన గుల్లలు గీకుతూ కూర్చుంది. గీకుతున్నంతసేపూ మాట్లాడింది. దాని నోరు కనపడకపోతే నాకు సముద్రం హోరులా ఉంటుంది, హాయిగానే ఉంటుంది.

పాత వైర్లు పీకితే రెండు బకెట్లు నిండాయి. కొన్ని నాన్న వేసిన ముడులు. ఎప్పుడో తీసేసిన దీపానికి వెళ్లే వైరు ఒకటి. ఇంకొకటి ఎక్కడికీ వెళ్లకుండా క్యాబిన్ చుట్టూ తిరిగి మొదలైన చోటికే వచ్చింది.

"ఇది బావ కథ చెప్పినట్టుంది," అంది చిన్నది.

నల్ల ముక్క ఎక్కడ బిగించాలో చూడటానికే డాక్టరుకి సగం రోజు పట్టింది. పడవని నడిపే పంకాకి దగ్గరగా పెడితే బుడగలు అడ్డం. మరీ పక్కకి పెడితే పడవ ఒరిగినప్పుడు నీళ్లలోంచి బయటికి వచ్చేస్తుంది. సుద్దముక్కతో మూడుసార్లు గీత గీసి మూడుసార్లు చెరిపాడు. నాలుగోసారి చెక్కకి రంధ్రాలు వేసి, నీళ్లు కారకుండా వాటి నిండా జిగురు దట్టించి బిగించాడు. దాని వైరుని ఇంజను వైరుకి ఆమడ దూరంలో, ఎదురుపక్క నుంచి లాగాడు. దగ్గరగా పోతే ఇంజను గోల దాంట్లో కలిసి తెర నిండా చెత్త గీతలు వస్తాయట. గోలలో దానికీ సరిగ్గా వినపడదన్నమాట. మొదటిసారి ఆ సబ్బుబిళ్ల మీద కొంచెం జాలి కలిగింది.

10, మంగళవారం

అన్నీ బిగించడం అయింది. స్విచ్చు వేస్తే ఒక్కో దీపం వరసగా వెలిగింది. క్యాబిన్ ఇప్పుడు ఏదో ఆఫీసులా ఉంది. లోపలికి వెళ్లేముందు కాళ్లు తుడుచుకున్నాను.

పడవ ఇంకా గట్టు మీదే ఉంది కదా, అందుకని డాక్టరు తెర మీద ఏవో చేపల బొమ్మలు తెప్పించి నాకు పాఠం చెప్పాడు. ఇది నేల, ఇది గుంపు, ఇది ఒంటరి చేప. రంగు ఎర్రబడితే గట్టిది. వేలితో చూపిస్తూ చెప్పాడు కాబట్టి బాగా అర్థమైంది. చిన్నది కింద రంగు వేస్తోంది. దానికి తర్వాత నేను చెప్పుకోవచ్చు.

వెళ్తూ వెళ్తూ నిచ్చెన సగంలో ఆగి, తెర వైపు చెయ్యి చూపించి ఇంకేదో చెప్పాడు. గాలి. మీసాలు. "సరే సరే" అని తల ఊపాను. అంత ముఖ్యమైందైతే రెండోసారి చెప్పేవాడేగా.

12, గురువారం

ఏం చేపలు! ఏం చేపలు!

తెల్లవారుతుండగా రేవు దాటాం. స్విచ్చు వేశానో లేదో తెర నిండిపోయింది. గుంపుల మీద గుంపులు. ఒక పెద్ద చేప, దాని వెనకాల మూడు చిన్నవి వరసగా ఈదుకుంటూ పోయాయి. తల్లీ పిల్లలూ అనుకున్నాను. ఇన్నాళ్లూ వీటన్నిటి మీదుగా గుడ్డిగా తిరిగామా అని గుండె చెరువైంది.

లోతు నూట పద్దెనిమిది అడుగులు చూపించింది. అక్కడ తొంభై అని నాన్న హయాం నుంచీ లెక్క. నాన్న తాడు కొలత తప్పయి ఉంటుంది.

చిన్నది ఇంజను ఆపి, తెడ్డు నా చేతికిచ్చింది. "మిషను సరే. నువ్వు కూడా ఒక మాట చెప్పక్కా. నువ్వు చెప్తేనే నాకు ధైర్యం."

తెడ్డు దించాను. పిడి కుడి చెవికి ఆనించాను. కళ్లు మూసుకున్నాను. చాలాసేపు ఉన్నాను.

"ఉన్నాయి," అన్నాను. "కిటకిటలాడుతున్నాయి."

మిషను చెప్తోందిగా. అబద్ధం ఎలా అవుతుంది?

వలలో ఐదు చేపలు, ఒక ప్లాస్టిక్ కుర్చీ కాలు. ఉరవడి ఎక్కువగా ఉంది ఇవాళ.

13, శుక్రవారం

మళ్లీ అదే. తెర నిండా చేపలు, వల నిండా నీళ్లు. తల్లీ పిల్లలూ మళ్లీ కనపడ్డారు, కానీ వేరే చోట. మా వెంట పడుతున్నట్టున్నారు. చిన్నదానికి చూపిద్దామనుకునేలోపు వెళ్లిపోయారు.

"ఉన్నాయా అక్కా?"

"ఉన్నాయి."

14, శనివారం

ఎనిమిది చేపలు. పక్క పడవలవాళ్లు పెట్టెలు నింపుకుని వెళ్తూ చెయ్యి ఊపారు. వాళ్లకి గుంపు దొరికింది. చిన్నది కూడా చెయ్యి ఊపింది గానీ నవ్వలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఇంజను పెట్టె మీద నా పక్కన కూర్చుంది. ఎప్పుడూ కూర్చోదు, దానికి కాలు నిలవదు. నా కుడివైపే కూర్చుంది కాబట్టి మాట స్పష్టంగా వినపడింది.

"మిషను ఉన్నాయంటోంది. నువ్వూ ఉన్నాయంటున్నావు. ఇద్దరూ ఒకేసారి తప్పు చెప్పరు కదా. అంటే తప్పు నా వలలోనే ఉందక్కా. సీసం గుండ్లు తేలికై పైపైనే తేలుతోందేమో. చేపలు కిందినుంచి జారిపోతున్నట్టున్నాయి."

"అయ్యుండొచ్చు," అన్నాను.

అవును, ఆ మాట నేనే అన్నాను.

15, ఆదివారం

పొద్దున్నే చిన్నది రేవు అరుగు మీద వల మొత్తం పరిచి, సీసం గుండ్లన్నీ ఊడదీసి బరువైనవి కడుతోంది. మూడు వందల చిల్లర గుండ్లు. నేను సాయం పడతానంటే వద్దంది. "నా తప్పు నేనే దిద్దుకోనీ," అంది. తాడు కోసుకుని రెండు వేళ్లకి గుడ్డ చుట్టుకుంది.

చెప్పాలి. చెప్పలేదు. టీ తెచ్చి ఇచ్చాను.

16, సోమవారం

ఇవాళ అలలు ఎక్కువ, ఎవరూ వెళ్లలేదు. పడవ రేవులోనే కట్టి ఉంది. నేనొక్కదాన్నే వెళ్లి క్యాబిన్ తుడిచాను. తుడుస్తూ స్విచ్చుకి చెయ్యి తగిలింది. తెర వెలిగింది.

నూట పద్దెనిమిది అడుగులు.

రేవులో మా పడవ కట్టే చోట నా నడుము దాకా ఉంటాయి నీళ్లు. నిచ్చెన దిగి మరీ చూశాను. నడుము దాకానే ఉన్నాయి. చీర తడుపుకుని పైకి వచ్చేసరికి తెర మీద ఒక పెద్ద చేప, దాని వెనకాల మూడు చిన్నవి వరసగా ఈదుకుంటూ పోయాయి.

కూలబడ్డాను. ఆ తర్వాత, నిజం చెప్పాలంటే, కళ్లమ్మట నీళ్లొచ్చేదాకా నవ్వాను. మూడు రోజులు! ఉత్త బొమ్మ చేపల మీద వల వేశాం. అవి పాఠం కోసం మిషనులో పెట్టిన చేపలు. సాయంత్రం కళ్లజోడు తెచ్చుకుని చూస్తే మూలన చిన్న అక్షరాలతో "సాధన" అని వెలుగుతూ ఆరుతూనే ఉంది, పాపం, మొదటి రోజు నుంచీ. నీళ్లలోకి దించగానే ఇది తీసెయ్యమ్మా అని డాక్టరు నిచ్చెన మీద నిలబడి చెప్పింది అదేనన్నమాట.

ఏ బటనో వెతికి తీసేశాను. తెర ఖాళీ అయింది. అడుగున మట్టి గీత ఒక్కటే కనపడింది. లోతు మూడు అడుగులు.

అంతే. ఒక్క బటను. రేపటి నుంచి మిషను నిజం చెప్తుంది, వలలో చేపలు పడతాయి. చిన్నది కొత్త గుండ్ల వల్లే అనుకుంటుంది. సంతోషిస్తుంది. ఎవరికీ ఏమీ తెలియనక్కర్లేదు. ఇందులో ఎవరికి నష్టం?

ఈ ప్రశ్న పైన రాసి అరగంటైంది. ఇంకా జవాబు రాయలేదు.

17, మంగళవారం

సముద్రం ఇంకా సర్దుకోలేదు. చిన్నది మా ఇంటికి వచ్చింది. దాని చేతులు ఒళ్లో పెట్టుకుని తిప్పి తిప్పి చూసుకుంటోంది.

"అక్కా, నేను ఆలోచించాను. గుండ్లు మార్చినా పడకపోతే ఇక వల వేరేవాళ్లకి ఇద్దాం. పక్క పడవలో వల వేసే ఆయన ఖాళీగానే ఉన్నాడట. నా చేతుల్లో ఏదో పోయింది. నువ్వు చేపలు చూపిస్తుంటే కూడా పట్టలేకపోతున్నాను. నువ్వు మాత్రం ఎన్నాళ్లని చూస్తావు?"

పడవలోంచి దిగిపోతానంటోంది అది. నా బదులు.

చెప్పేశాను. అన్నీ. బొమ్మ చేపలు, నిచ్చెన మీద డాక్టరు, ఎడమ చెవి, కుడి చెవి. తెడ్డులో ఏడాదిగా నాకేమీ వినపడటం లేదని. పోయినేడు గుంపు దొరికింది కూడా వినడం వల్ల కాదు, పక్షుల్ని చూసి ఊహించానని.

అది మొదట నవ్వింది. బొమ్మ చేపల దగ్గర పడీ పడీ నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"నేను అడిగాను కదా నిన్ను. మూడు రోజులూ. ఉన్నాయా అక్కా అని."

"అడిగావు."

"తప్పు నా వలలో ఉందేమో అన్నప్పుడు?"

"అయ్యుండొచ్చు అన్నాను."

లేచి వెళ్లిపోయింది. చెప్పులు కూడా వేసుకోలేదు.

18, బుధవారం

సముద్రం సర్దుకుంది. పడవలన్నీ వెళ్లాయి. మాది వెళ్లలేదు.

చెప్పులు ఇంకా మా గుమ్మం దగ్గరే ఉన్నాయి.

మధ్యాహ్నం ఆయన బల్ల ముందు కూర్చుని భూతద్దం కంటికి పెట్టుకుని ఏదో గడియారం పొట్ట విప్పుతున్నారు. ఎదురుగా కూర్చుని ఆయనకి కూడా చెప్పాను. ఆయన తల ఎత్తలేదు.

"తెలుసోయ్," అన్నారు, గట్టిగా, ఒక్కో మాటా విడదీసి. అప్పుడు తట్టింది, ఈయన నాతో ఎన్నాళ్లుగానో ఇలాగే మాట్లాడుతున్నారని. "తెల్లవారుజామున అలారం మోగితే నువ్వు లేవడం లేదు. నేనే నీ కాలు పట్టుకుని ఊపుతున్నాను. నువ్వు లేచి, అలారం నొక్కి, నన్ను చూసి 'మీకు మొద్దునిద్ర' అంటున్నావు."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు చెప్తావేమోనని చూస్తున్నా."

చెవుల డాక్టరు దగ్గర వచ్చే గురువారానికి నా పేరు రాయించి కూడా ఉంచారట. రెండు నెలల క్రితమే. ప్రతి నెలా మార్పించుకుంటూ వస్తున్నారట. ఈ మనిషిని ఏం చెయ్యాలో నాకు తెలియదు. కోపం రాలేదు, అదే ఆశ్చర్యం.

19, గురువారం

చిన్నది వచ్చింది. చెప్పుల కోసం వచ్చానంది. చెప్పులు వేసుకున్నాక కూడా వెళ్లలేదు. మూతి ముడుచుకునే ఉంది. వచ్చి సరిగ్గా నా కుడివైపు నిలబడింది.

"చెవులు పోయినందుకు కాదు నా కోపం."

"తెలుసు."

"తెలిస్తే ఊరుకో, నన్ను తిట్టనీ." బాగా తిట్టింది. చిన్నప్పుడు దాని బొమ్మ నేను విరగ్గొట్టి నెపం పిల్లి మీద పెట్టిన సంగతి దగ్గర మొదలుపెట్టి ఈ వారం దాకా వచ్చింది. ఒక్కటీ మర్చిపోలేదు. నేను ఒక్కటీ కాదనలేదు. చివరికి రొప్పుతూ అడిగింది, "ఎందుకు దాచావు?"

"బెంచీ మీద కూర్చోబెడతావనుకున్నాను."

అది నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "పడవ సగం నీది. నిన్ను దింపాలంటే సగం కోసి ఇచ్చెయ్యాలి. మిగతా సగంలో నేనేం చేసుకోను, మొక్కలు పెంచనా?"

ఏడ్చేశాను. అదీ ఏడ్చింది. తర్వాత బొమ్మ చేపల కథ మొదటినుంచి మళ్లీ చెప్పించుకుంది, నిచ్చెన దిగి చీర తడుపుకున్న దగ్గర ఆగి రెండుసార్లు చెప్పించుకుంది.

20, శుక్రవారం

చెయ్యి నొప్పెడుతున్నా ఇవాళ్టిది మొత్తం రాసుకోవాలి.

తెల్లవారుతూనే వెళ్లాం. సముద్రం మంచి మీద ఉంది. దూరంగా మూడు పడవలు ముందే వచ్చి వెతుక్కుంటున్నాయి. స్విచ్చు వేస్తే మిషను మొదటిసారి నిజం చూపించింది. నిజం అంత అందంగా ఏమీ లేదు. ముద్దుగా ఈదే చేపలు లేవు. మచ్చలు, తెగిపోయిన గీతలు, మసక.

"ఏంటిది, ఎవరో చీపురుతో ఊడ్చినట్టుంది?" అని చిన్నది పెదవి విరిచింది.

నేను మాత్రం కళ్లు తిప్పుకోలేకపోయాను. లోతు తొంభై ఒకటి. నాన్న తాడు కొలత తప్పు కాదు. అదుగో ఏటవాలు, అక్కడ మేం రెండు వలలు చింపుకున్న రాళ్ల గుట్ట, దాని వెనక మెత్తటి మట్టి. పాతికేళ్లుగా చీకట్లో తడుముకుంటూ తిరిగిన ఇంట్లో ఎవరో లైటు వేసినట్టుంది. ఎక్కడ ఏముందో నాకు ముందే తెలుసు, కానీ చూడటం ఇదే మొదలు. చిన్నదానికి వేలితో ఒక్కోటీ చూపించాను. అది నోరు తెరుచుకుని చూసింది.

మట్టి మీద, నేలకి దగ్గరగా రెండు చోట్ల మబ్బులాంటి మచ్చలున్నాయి, ఒకదానికొకటి కాస్త దూరంగా. అవి గురకచేపలా, వేరేవా? మిషను చెప్పదు. పేర్లు దానికి తెలియవు.

ఇంజను ఆపమన్నాను. తెడ్డు తీసి నీళ్లలోకి దించాను. పిడి చిన్నదాని చేతిలో పెట్టాను.

"నువ్వు విను."

"నాకు రాదక్కా. నాన్నే వదిలేశాడు."

"నోరు మూసుకుంటే వస్తుంది."

మూసుకుంది. పిడి చెవికి ఆనించి కళ్లు గట్టిగా మూసుకుంది. ఒక నిమిషం. రెండు. నాలుగు నిమిషాలు ఉండి ఉంటుంది, నేను దాన్ని అంతసేపు మాట్లాడకుండా ఎప్పుడూ చూడలేదు, నిద్రలో కూడా. ఉన్నట్టుండి దాని కళ్లు పెద్దవయ్యాయి. నా చెయ్యి పట్టేసుకుంది.

నా కుడివైపుకి వచ్చి, "ఏదో ఉందక్కా! గుర్రుమంటోంది!" అంది.

"ఎలా గుర్రుమంటోంది?"

"మేడ మీద ఎవరో కుర్చీ లాగుతున్నట్టు. కాదు కాదు, బావ పడుకున్నప్పుడు... కాదు, అంత లేదు. ఎలా చెప్పను?"

"మాటలొద్దు. చేసి చూపించు."

"అంటే?"

"అవి ఎలా అంటున్నాయో నువ్వు అలా అను."

చిన్నది చుట్టూ చూసింది. ఒక పడవ కేక వినపడే దూరంలోనే ఉంది. "వాళ్లు చూస్తున్నారే."

"చూడనీ."

సిగ్గుపడుతూ నా చెవి దగ్గర ఏదో అంది. పెదవులు కదలడం కనపడింది.

"వినపడలేదు," అన్నాను. ఇంటి బయట ఆ మాట అనడం ఇదే మొదటిసారి. అన్నాక అంత కష్టమేమీ అనిపించలేదు, అందుకే ఇంకోసారి అన్నాను. "నాకు వినపడలేదే. గట్టిగా."

ఇంకాస్త గట్టిగా అంది. "ఇంకా," అన్నాను. అప్పుడు దానికి పౌరుషం వచ్చింది. కాళ్లు ఎడంగా పెట్టి, చేతులు మోకాళ్ల మీద ఆనించి, ఊపిరి నిండా పీల్చుకుని, సముద్రం అదిరిపోయేలా అరిచింది.

"గుర్ర్! గుర్ర్! గుర్ర్! గుర్ర్ర్ర్ర్ర్!"

పక్క పడవలో ఇద్దరూ లేచి నిలబడ్డారు. ఒకాయన టోపీ తీసి ఊపాడు, ఏమైనా సాయం కావాలా అన్నట్టు. నేను వద్దని చెయ్యి చూపించాను.

నాకు వినపడింది. మూడు పొట్టివి, ఒక పొడుగు, మధ్యలో ఖాళీ. నాన్న పక్కన కూర్చుని మొదటిసారి విన్నది కూడా ఇదే.

"ఇది గుంపు కాదు," అన్నాను. "గుంపు అంచు. గుంపులో ఖాళీ ఉండదు. రెండో మచ్చ మీదికి పోదాం, ఇంజను మెల్లగా."

రెండో మచ్చ మీద ఆపాం. చిన్నది మళ్లీ విన్నది. ఈసారి నేను చెప్పకముందే మోకాళ్ల మీద చేతులు పెట్టింది. మొదలుపెట్టింది గానీ ఆపలేదు. ఊపిరి అయిపోయి ముఖం కందగడ్డలా అయ్యేదాకా గుర్రుమంటూనే ఉంది. మధ్యలో గాలి మింగి, "ఆపడానికి చోటే లేదక్కా, ఒకటే పోతగా ఉంది!" అని మళ్లీ అందుకుంది.

"ఇక్కడే. వెయ్యి!"

వల వేసింది. చేతులు పోయాయన్న మనిషి! ఒక్క బెండు కూడా మెలిక పడకుండా, గుండ్రంగా, ఇరవై ఏళ్ల పిల్లలా వేసింది. లాగేటప్పుడు ఇద్దరం కలిసి లాగినా రాలేదు. కాళ్లు తన్నిపెట్టి లాగాం. పడవలోకి వచ్చి పడుతున్నకొద్దీ అవి గుర్రుమంటూ కొట్టుకున్నాయి. వాటి గుర్రు నాకు చెవికి అందలేదు గానీ చెక్క మీద నిలబడ్డ ఉత్త పాదాలకి అందింది, మోకాళ్లదాకా. పెట్టెలు నిండాయి. మంచు పెట్టె కూడా నిండింది. చివరికి రెయిన్‌కోటు చేతులు ముడివేసి వాటిలో కూడా పోసింది చిన్నది.

అప్పుడు కొత్త రేడియో వెలిగింది. పక్క పడవాయన. నాకు గరగర తప్ప ఏమీ తెలియలేదు. చిన్నది తీసుకుని జవాబు చెప్పింది. నేను ఎదురుగానే ఉన్నాను కాబట్టి దాని పెదవులు చూశాను.

"ఏం లేదన్నా. మా అక్కకి చెవులు వినపడవు. నేను చేపలాగా అరిస్తే ఎక్కడ వెయ్యాలో ఆవిడ చెప్తుంది."

రేవులో ప్రతి పడవలోనూ ఆ రేడియో ఉంది. అందరూ విన్నారు. ఒక్క క్షణం నాకు దూకేద్దామనిపించింది. చిన్నది రేడియోకి చెయ్యి అడ్డం పెట్టకుండానే నావైపు చూసి, "ఏం, తప్పు చెప్పానా?" అంది.

"లేదు," అన్నాను.

రేవులోకి వచ్చేసరికి పెట్టెలు దింపడానికి ఆరుగురు వచ్చారు. అందరూ నాతో గట్టిగా మాట్లాడారు. కొందరు మరీ గట్టిగా, నేను వేరే ఊళ్లో ఉన్నట్టు. వైర్ల డాక్టరు కూడా వచ్చాడు. సంగతి విని సిగ్గుతో మీసాలు సవరించుకుంటూ, మీకు కాగితం మీద రాసివ్వాల్సిందమ్మా అన్నాడు. తప్పు నాది, మీకెందుకండీ ఆ బాధ అన్నాను. మొత్తానికి రేపటి నుంచి నన్ను ఏమని పిలుస్తారో చూడాలి. పాత పేరే ఉంచుతామన్నారు ఇద్దరు ముగ్గురు. ఉంచితే ఉంచనీ.

నాకు చెవులు సరిగ్గా వినపడవు. ఎడమది పూర్తిగా, కుడిది చాలావరకు. రాసి చూసుకున్నాను. చేతికేమీ కాలేదు.

రేపు ఐదింటికే బయల్దేరుతున్నాం. ఇవాళ్టి అరుపులకి చిన్నదాని గొంతు పూర్తిగా పోయింది. వేడినీళ్లలో ఉప్పు వేసి పుక్కిలించమని చెప్పి పంపాను. రేపు ఇంకాస్త గట్టిగా అరవాలి.